వ్యక్తిత్వ పాఠానికి వారఫలాలు

ప్రశ్న: డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెబుతాను. ఎవరికైనా సరిపోయే మాటల్ని మన గురించే రాశారని నమ్మేయడాన్ని, అదే బార్నమ్ ఎఫెక్ట్‌ను, క్లాసులో చేసి చూపబోతే పక్కవాళ్ల కాగితాల్లోకి తొంగిచూసి గుట్టు పట్టేశారు. ఎలా చేయించాలి?
– ఒక లెక్చరర్, ఖమ్మం

జవాబు: పరీక్ష పెట్టిన రోజే ఫలితం ఇచ్చేయకండి. 1948లో అమెరికాలో సైకాలజిస్టు బెర్‌ట్రమ్ ఫోరర్ తన 39 మంది విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి వారం ఆగాడు. సార్ కూర్చుని దిద్దారన్న నమ్మకం కుదరాలిగా! అందరికీ ఇచ్చినవి అవే 13 వాక్యాలు, అదీ జ్యోతిషం పుస్తకంలోంచి. అయినా తమకు ఎంత బాగా సరిపోయాయో మార్కు వేయమంటే సగటున 5కి 4.26 వేశారు.

మీరూ ముందు వారం ఇష్టాలు, భయాలు, ఆశయాల మీద అయిదారు ప్రశ్నలకు జవాబులు రాయించుకోండి. ఫలితాల కాగితాల మీద పేర్లు చేత్తో రాసి, మడిచి పిన్ను కొట్టండి. పరీక్ష హాల్లోలా ఎడంగా కూర్చోబెట్టండి. చదివిన వెంటనే, నోరు విప్పకుండా, పేరులేని చీటీ మీద 0 నుంచి 5 లోపు మార్కు వేయాలి. పేరు రాయమన్నారో, మీరు నొచ్చుకుంటారని 5 వేస్తారు. చీటీలన్నీ చేతికొచ్చి, సగటు బోర్డు మీదికెక్కాకే ఒకరిని లేపి మొదటి వాక్యం చదివించండి. మిగతాది వాళ్లే చూసుకుంటారు.

వాక్యాలు రెండువైపులా చెల్లాలి: "నలుగురిలో కలివిడిగా ఉంటావు గానీ ఒక్కోసారి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు." "కోపిష్టివి" అని తేల్చేస్తే మార్కులు పడిపోతాయి. "చెల్లెలంటే ప్రాణం" అన్నారంటే, చెల్లెలు లేనివాడి దగ్గర ఆట ముగిసినట్టే.

అయితే ఇక్కడితో ఆపితే వ్యక్తిత్వ పరీక్షలన్నీ బూటకమేనని ఇంటికెళతారు. "నాకు సరిపోయింది" అనిపించడం రుజువు కాదని చూపాలి, రుజువు ఎలా రాబట్టాలో కూడా చూపాలి. అందుకు గతవారం వారఫలాలు తీసుకోండి (మా పత్రికవైనా సరే, ఏమీ అనుకోం). రాశులు, నక్షత్రాలు, పరిహారాలు, పూజించాల్సిన దేవుళ్ల పేర్లు కొట్టేసి, 12 ఫలాలనూ కలగలిపి అంకెలు వేయండి. తమ వారం ఎలా గడిచిందో దానికి దగ్గరగా ఉన్నదొకటి ఎంచుకోమనండి. 60 మందిలో గుడ్డిగానైనా సుమారు అయిదుగురికి సొంత రాశి తగులుతుంది. ఏడెనిమిదికి చేరినా అదృష్టమే అనుకోవచ్చు. తమ రాశి తెలియనివాళ్లను ముందే పక్కన పెట్టకపోతే లెక్క చెడుతుంది.

ఆ తర్వాత అసలు ప్రశ్నావళి. 2003లో వచ్చిన టిపి (TIPI) అనే పది అంశాల వ్యక్తిత్వ ప్రశ్నావళి చాలు, ఒక్కో అంశానికి 1 నుంచి 7 లోపు మార్కు వేయాలి: విద్యార్థి తన గురించి, స్నేహితుడు అతని గురించి విడివిడిగా నింపి పోల్చుకోవాలి. ఇక్కడ ఎక్కువమంది తప్పేది తిరగేసిన అంశాల దగ్గర, అంటే ఎక్కువ మార్కు పడితే ఆ గుణం తక్కువని అర్థం వచ్చేవాటి దగ్గర. వాటి మార్కును 8లోంచి తీసివేయాలి.

ఫోరర్ ఆటలో చేసిన మోసాన్ని మాత్రం ఆ పీరియడ్‌లోనే విప్పి చెప్పండి, మర్నాటికి వాయిదా వేయకండి.