1950 లండన్ సీన్‌లో మిఠాయి కొనడం గురించి

సుజాత గారూ, మీ స్కూల్ నాటకంలో 1950 నాటి లండన్ పిల్లాడు దుకాణానికి వెళ్లి డబ్బులిచ్చి చాక్లెట్లు కొనుక్కుంటాడు, అప్పటికి యుద్ధం అయిపోయింది కదా, తప్పేముంది అని అడిగారు. తప్పే. రెండో ప్రపంచ యుద్ధం 1945లో ముగిసింది గానీ మిఠాయిల మీద రేషన్ 1953 ఫిబ్రవరి 5 దాకా ఉంది. మధ్యలో 1949 ఏప్రిల్‌లో ఎత్తేశారు, జనం ఎగబడి కొనేసరికి సరుకు చాలక ఆగస్టులో మళ్లీ పెట్టారు.

సీన్ తీసేయకండి, బంగారం లాంటి సీన్ అది. పిల్లాడి చేతిలో చిల్లరతో పాటు రేషన్ పుస్తకం పెట్టండి (5 నుంచి 16 ఏళ్ల పిల్లలకు నీలం రంగుది ఇచ్చేవారు), దుకాణదారు కూపన్ కత్తిరించుకుని మిఠాయి తూకం వేసి ఇస్తాడు, ఆ నెల కూపన్లు ముందే అయిపోతే జేబులో డబ్బులున్నా ఉత్త చేతులతో తిరిగి రావాలి. ఏడేళ్ల పిల్లాడికి అదెంత కష్టమో ప్రేక్షకులకు వెంటనే తెలుస్తుంది.

మాంసం రేషన్ అయితే 1954 జూలై వరకూ సాగింది. స్కూల్లో మాత్రం 1946 నుంచి రోజూ చిన్న సీసాడు పాలు ఉచితం, అదీ చూపించండి. ఆటస్థలంగా పార్క్ బదులు బాంబులు పడి కూలిన ఇళ్ల ఖాళీ జాగా పెట్టండి, పెద్దవాళ్లు ఎంత వద్దన్నా పిల్లలు అక్కడే ఆడేవారు.

నాటకంలో పిల్లాడి ఇంట్లో టీవీ పెట్టారు, దాని బదులు రేడియో పెట్టండి. చాలామంది మొదటిసారి టీవీ చూసింది 1953 జూన్ 2న, ఎలిజబెత్ రాణి పట్టాభిషేకం రోజే, అదీ పక్కింట్లో.