సొంత అలొకేటర్‌లో ఈక్వల్ ఆపరేటర్ ఎప్పుడూ ట్రూ అని ఇస్తే సరిపోతుందా?

మీ సీ ప్లస్ ప్లస్ అలొకేటర్ (లిస్టు, వెక్టర్ లాంటి కంటెయినర్లకు మెమరీ ఇచ్చి తిరిగి తీసుకునే క్లాసు) లోపల అరీనా పాయింటర్ ఉందని రాశారు కాబట్టి సరిపోదు. అరీనా అంటే ముందే తీసిపెట్టుకుని ముక్కలుగా పంచే మెమరీ దిమ్మ. రెండు అలొకేటర్ల రకం ఒకటేనా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఒకదానితో తీసుకున్న మెమరీని రెండోదానితో విడుదల చేయవచ్చా అన్నదే చూడాలి.

నేను పనిచేసిన ఒక సర్వర్ ప్రోగ్రాములో ప్రతి రిక్వెస్టుకూ ఒక అరీనా ఇచ్చి, పని ముగియగానే దాన్ని మొదటికి తిప్పి తరువాతి రిక్వెస్టుకు వాడేవారు. రిక్వెస్టులో తయారైన లిస్టు నోడ్లను మాత్రం స్ప్లైస్ చేసి, అంటే కాపీ చేయకుండా లింకులు మాత్రమే మార్చి, ఎక్కువకాలం నిలిచే ఆడిట్ లిస్టులో కలిపేవారు. అలొకేటర్లు సమానం కానప్పుడు స్ప్లైస్ చేయకూడదని సీ ప్లస్ ప్లస్ స్టాండర్డు చెబుతోంది. జీసీసీ కంపైలరుతో వచ్చే లైబ్రరీ అయితే వాటిని ముందే పోల్చి, తేడా ఉంటే ప్రోగ్రామును అక్కడికక్కడే ఆపేస్తుంది. ఈక్వల్ ఆపరేటర్ ఎప్పుడూ ట్రూ అనే చెప్పడంతో ఆ తనిఖీకి అర్థం లేకుండా పోయింది. ప్రోగ్రాము కూలిపోయినా బాగుండేది. అది నడుస్తూనే ఉండగా, ఆడిట్ లాగులో ఒకే వరుసలో సగం ఒక కస్టమరు ఆర్డరు, మిగతా సగం మరొకరి ఆర్డరు కనిపించాయి. అరీనా తన మెమరీని వదలకుండా తిరిగి వాడుకుంటుంది గనుక, మెమరీ తప్పులను పట్టే అడ్రస్ శానిటైజర్ అనే సాధనం కూడా ఏమీ పట్టలేదు.

ఈ అలవాటు పాతది. ఒకే రకం అలొకేటర్లన్నీ సమానమేనని కంటెయినర్లు అనుకోవడానికి 1998 స్టాండర్డు అనుమతించింది. 2011లో ఆ వెసులుబాటు పోయినా, నేర్పే ఉదాహరణల్లో రిటర్న్ ట్రూ ఇంకా పోలేదు, కోడ్ రివ్యూలో దాన్ని ఎవరూ ప్రశ్నించరు. 2017లో వచ్చిన ఈజ్ ఆల్వేస్ ఈక్వల్ అనే గుణం, మనం విడిగా ప్రకటించకపోతే, డేటా ఏదీ లేని క్లాసుకే ట్రూ అవుతుంది. అంటే అరీనా పాయింటర్ ఉన్న మా అలొకేటర్‌లో ఆ గుణం ఫాల్స్ అని చెబుతుంటే ఆపరేటర్ ట్రూ అని చెప్పేది.

అరీనా అడ్రసులనే పోల్చండి. రెండు అరీనాల పరిమాణం ఒకటే అయినా, రెండూ ఒకే చోటు నుంచి మెమరీ తెచ్చుకున్నా అవి వేర్వేరే. ప్రామాణిక లైబ్రరీలోని మోనోటోనిక్ బఫర్ రిసోర్సు అనే అరీనా కూడా సమానమో కాదో తేల్చడానికి తన అడ్రసునే చూసుకుంటుంది. ఆపరేటర్‌ను అలా మార్చగానే మా టెస్టు సరిగ్గా స్ప్లైస్ దగ్గరే ఆగింది, ఆ తరువాత నోడ్లను ఆడిట్ లిస్టులోకి కాపీ చేయక తప్పలేదు. వేగం తగ్గిందన్న అభ్యంతరాన్ని నేను ఒప్పుకోను, ప్రామాణిక లైబ్రరీయే ఆ ఖర్చు భరిస్తుంది. అలొకేటర్లు సమానం కాక, అవి కంటెయినర్‌తో పాటు బదిలీ కావడానికి అనుమతీ లేనప్పుడు, వెక్టర్ మూవ్ అసైన్‌మెంటు సైతం బఫర్‌ను లాక్కోకుండా ఎలిమెంట్లను ఒక్కొక్కటిగానే తరలిస్తుంది.