ఉద్దానం పెరట్లో అవకాడో ఆకు మాడుతోంది, రాంబుటాన్ పిందె నిలవడం లేదు: ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఉద్దానంలోని కవిటి మండలం. ఇంటి వెనుక 10 సెంట్ల పెరట్లో కొబ్బరి, పనస చెట్ల నడుమ మూడేళ్ల కిందట అవకాడో మొక్క నాటాము. వేసవి వచ్చేసరికి ఆకుల కొసలు మాడిపోతున్నాయి. తెగుళ్ల మందు రెండుసార్లు కొట్టినా గుణం కనబడలేదు. గింజ వేసి పెంచిన రాంబుటాన్ చెట్టు ఈ ఏడాది విరగబూసినా ఒక్క పిందె కూడా నిలవలేదు. మా నూతి నీరు వేసవిలో కొంచెం ఉప్పగా ఉంటుంది. ఈ చెట్లను ఉంచాలా, తీసేయాలా? కొబ్బరి నీడలో డ్రాగన్ ఫ్రూట్, మాంగోస్టీన్ వేసుకోవచ్చా?
– ఒక మహిళా రైతు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: రెండు చెట్లనూ ఉంచండి. అయితే అవకాడోకు మందులు కొట్టడం మాత్రం వెంటనే ఆపేయండి. మీరు రాసిన లక్షణాలను బట్టి అది తెగులు కాదు, నీటిలోని ఉప్పు వల్ల కలిగిన నష్టమని తోస్తోంది. పండ్ల చెట్లలో ఉప్పును అతి తక్కువగా తట్టుకునే వాటిలో అవకాడో ఒకటి. వేరు పరిసరాల్లోని నేలలో లవణ సాంద్రత (ఇ.సి.) మీటరుకు 1.3 డెసీసీమెన్లు దాటితే చాలు, దాని దిగుబడి తగ్గడం మొదలవుతుంది. అదే నీటితో పక్కనున్న కొబ్బరి ఏపుగా పెరుగుతూ ఉండటం వల్ల, లోపం నీటిలో ఉందన్న అనుమానం మన రైతులకు సులువుగా రాదు.

నిర్ధారణ కోసం రెండు పరీక్షలు చేయండి. మొదట ఆకును చూడండి. ఉప్పు వల్ల మాడే ఆకు ముదురు ఆకై ఉంటుంది. మాడు కొస దగ్గర మొదలై అంచుల వెంట వెనక్కు పాకుతుంది, మధ్య ఈనె చుట్టూ పచ్చదనం మిగులుతుంది, కొత్త చివురు మాత్రం శుభ్రంగా ఉంటుంది. ఆకులన్నీ చిన్నవై, పాలిపోయి, తడి ఉన్నా వేలాడుతూ, చివురే రాకుండా ఉంటే అప్పుడు ఫైటోఫ్తోరా వేరుకుళ్లును అనుమానించాలి. రెండవది వేరు. చెట్టు గొడుగు కింద నాలుగు వేళ్ల లోతున మట్టిని చేత్తో నెమ్మదిగా తొలగించి పీచు వేర్లను చూడండి. అవి మీగడ రంగులో, వంచితే వంగేలా ఉంటే చెట్టు క్షేమంగా ఉన్నట్టే. నల్లబడి పుటుక్కున విరిగిపోతుంటే వేరుకుళ్లు పట్టినట్టు. దీనితోపాటు నూతి నీటిని శుభ్రమైన సీసాలో పట్టి, మీ ఊరి ఉద్యాన సహాయకుల ద్వారా గాని, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించి గాని ఇ.సి., క్లోరైడు పరీక్షలు చేయించండి.

ఉప్పేనని తేలితే, వేసవిలో రోజూ కాసిన్ని నీళ్లు పోసే అలవాటు మానుకోవాలి. అలా పోసిన నీరు పైపైనే ఆవిరై, ఉప్పును పీచు వేర్ల దగ్గరే వదిలిపోతుంది. మీది ఇసుక నేల గనుక, నాలుగైదు రోజులకొకసారి పాదు నిండా పెట్టి లోతుకు దిగనిస్తే ఉప్పు కూడా వేర్ల కిందికి కొట్టుకుపోతుంది. నేల మరీ త్వరగా ఆరిపోతుంటే తడుల మధ్య వ్యవధి తగ్గించండి గాని, తడికి పెట్టే నీరు తగ్గించవద్దు. పొటాష్ కోసం మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వేయకండి, అందులో ఉన్నది క్లోరైడే. సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడండి. పాదులో పనస, జీడి ఎండుటాకులను మందంగా పరచి, మొదలుకు జానెడు దూరం వదలండి. తాజా కొబ్బరి పొట్టును మాత్రం కడగకుండా వేయవద్దు, దానిలోనూ లవణాలుంటాయి. మాడిన ఆకులను కోయనవసరం లేదు; కొత్త చివురు ముదిరేదాకా చెట్టుకు అవే ఆధారం. ఇకముందు అవకాడో నాటదలిస్తే, ఉప్పును కొంత మెరుగ్గా తట్టుకునే వెస్టిండియన్ జాతి వేరుమూలంపై కట్టిన అంటునే అడిగి తీసుకోండి.

రాంబుటాన్ విషయం వేరు. గింజతో పెంచిన చెట్లలో కొన్ని పూర్తిగా మగ చెట్లవుతాయి. అవి ఎంత పూసినా కాయవు. పూత ఉన్నప్పుడు ఒక పువ్వును భూతద్దంతో చూడండి. నడుమ చిన్న అండాశయం, దానిపై రెండుగా చీలిన కీలాగ్రం కనిపిస్తే కాపుకు అవకాశం ఉంది. కేసరాలు మాత్రమే కనిపిస్తే అది మగ చెట్టు. అంతమాత్రాన నరికివేయకండి. కొమ్మలను వెనక్కు కత్తిరించి, వచ్చిన కొత్త చివుళ్లలో బలమైనవి ఉంచి, వాటిపై కాపు తెలిసిన ఎన్-18 వంటి రకం కన్నును అనుభవజ్ఞుడైన అంటుకట్టే మనిషితో కట్టించండి. ఒక మగ కొమ్మను అలాగే వదిలితే పరాగసంపర్కానికి పనికొస్తుంది.

డ్రాగన్ ఫ్రూట్ కొబ్బరి నీడలో తీగ సాగుతుంది గాని సరిగా పూయదు. పెరట్లో ఎండ పడే అంచున, బలమైన సిమెంటు స్తంభం చుట్టూ ఎత్తు చేసిన మట్టిలో నాటండి. నీరు నిలిస్తే కాండం కుళ్లుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పడమటి ఎండకు కాండం పసుపెక్కుతుంటే షేడ్ నెట్ కట్టండి. మాంగోస్టీన్‌కు లేత వయసులో నీడ నిజంగానే అవసరం, కానీ నిత్యం మంచి తేమ కావాలి, కాపుకు 7 నుంచి 10 ఏళ్లు పడుతుంది. నీటి పరీక్ష ఫలితం వచ్చేదాకా దానిని కొనవద్దు.

2018 అక్టోబరులో పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ మీ ప్రాంతపు కొబ్బరికి, జీడికి చేసిన నష్టం మీకు తెలిసినదే. అవకాడో కొమ్మ మరింత పెళుసు. కోత కాగానే పై కొమ్మలను తగ్గించి, చెట్టును 10, 12 అడుగులకు మించనీయకుండా ఉంచండి.

చివరిగా, కడియం నుంచి గాని మరెక్కడి నుంచి గాని మొక్క తెచ్చినప్పుడు ఆకును తిరగేసి చూడండి. తెల్లని మైనపు పొడి వలయాలు వలయాలుగా కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ కావచ్చు. మధ్య అమెరికా ప్రాంతానికి చెందిన ఈ పురుగును మన దేశంలో 2016లో తమిళనాడులోని పొల్లాచ్చిలో గుర్తించారు. తర్వాత కోస్తా కొబ్బరి తోటలకూ వ్యాపించింది. కనుక కొత్త మొక్కలను రెండు, మూడు వారాలు కొబ్బరికి దూరంగా ఉంచి గమనించాకే నాటండి. అది కనిపిస్తే ఆకుల అడుగును నీటితో బలంగా కడిగి వేపనూనె పిచికారీ చేయండి. ఘాటైన పురుగుమందుల జోలికి వెళితే దానిని అదుపులో ఉంచే ఎన్‌కార్సియా పరాన్నజీవులు ముందుగా చనిపోతాయి.