బ్రేక్ ఆయిల్ నింపుడు కాదు, కారేది పట్టుకో

అల్లుడూ,

మీ పాత మారుతి 800కు నెలకోసారి బ్రేక్ ఆయిల్ పోసుకుంట తిరుగుతున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పింది. ఆ ఆయిల్ ఇంజన్ ఆయిల్ లెక్క ఖర్చయ్యేది కాదు బిడ్డా. చక్రాల బ్రేకు లైనింగ్ అరిగినకొద్దీ బానెట్ కింద ఆయిల్ డబ్బాల మట్టం కొంచెం దిగుతది, అది మామూలే. నెల తిరగకముందే మినిమం గీత కిందికి పోతుందంటే మాత్రం ఎక్కడో కారుతున్నట్టే. ఆ బండికి బ్రేక్ ఆయిల్ పోయే రెండు వేర్వేరు లైన్లుంటయి, ఒకటి పోతే ఇంకోటి పట్టుకుంటది అని ధైర్యంగ ఉండకు. ఒక లైను ఖాళీ అయిన రోజు పెడల్ అడుగుకు పోతది, బండి ఆగేటందుకు చానా దూరం పడతది. కాజీపేట బ్రిడ్జి దిగేటప్పుడు ముందట బస్సు ఆగితే ఆ సగం బ్రేకు ఏం సరిపోతది?

రాత్రి బండి కింద పాత పేపర్లు పరిచి పెట్టు. ఏసీ నీళ్లయితే పొద్దటికి ఆరిపోతయి, ఇంజన్ ఆయిల్ నల్లగ జిడ్డుగ ఉంటది. బ్రేక్ ఆయిల్ పల్చగ, జారుడుగ, లేత పసుపు రంగుల ఉంటది, పాతబడితే గోధుమ రంగుకు తిరుగుతది. మరక వెనుక చక్రం లోపలి పక్కన కనిపిస్తే వీల్ సిలిండర్ (చక్రం లోపల బ్రేకు షూలను నెట్టే చిన్న సిలిండర్) మీద అనుమానం పెట్టుకో, పాత బండ్లల్ల ఎక్కువ పోయేది అదే. బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు గుంజుడు కూడ దాని గుర్తే.

పేపర్ల మీద చుక్క కూడ లేకుండ ఆయిల్ తగ్గుతుంటే అది ఇంకా కంత్రీ లీకు. పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపులల్లకు నెట్టే మాస్టర్ సిలిండర్ వెనుక సీలు పోతే, ఆయిల్ బూస్టర్ (తొక్కుడుకు బలం ఇచ్చే డబ్బా) లోపలికి పోయి కూసుంటది, బయటికి రానే రాదు. బూస్టర్ లేని మోడల్ అయితే నీ కాళ్ల దగ్గర పెడల్ రాడ్డు మీద తడి కనిపిస్తది. ఈ పని షెడ్డుకే ఇయ్యి. తుప్పు పట్టిన స్టీలు పైపు మార్చుడు కూడ నువ్వు పెట్టుకోకు. ఎంసీల్ పూసి, టేపు చుట్టి నడిపేటోళ్లను చూసిన. బ్రేకు తొక్కినప్పుడు ఆ పైపుల వచ్చే ఒత్తిడికి అవి ఆగవు.

వీల్ సిలిండర్ అయితే నువ్వే చేసుకోవచ్చు. చదునైన నేల చూసుకో. వెనుక చక్రం లేపినంక హ్యాండ్ బ్రేకు దింపాలె కాబట్టి ముందు చక్రాలకు రెండు దిక్కుల అడ్డం రాళ్లు పెట్టు. జాకీ ఒక్కదాన్ని నమ్మకు, స్టాండు పెట్టు. ఇటుకలు పెట్టుడు మనోళ్లకు అలవాటు గానీ అవి చెప్పకుండ పగులుతయి. డ్రమ్ము తీసినంక దుమ్మును నోటితో ఊదకు, పాత లైనింగుల ఆస్బెస్టాస్ ఉండొచ్చు, తడి గుడ్డతో తుడువు. సిలిండర్ చివర రబ్బరు టోపీని కొద్దిగ ఎత్తి చూడు. లోపల తడిగ ఉంటే దొంగ దొరికినట్టే.

కొందరు మేస్త్రీలు సిలిండర్ లోపలి రబ్బర్ల కిట్టు వేస్తే చాలంటరు. లోపల అద్దం లెక్క నున్నగ ఉంటే సరే, గుంతలు పడితే కొత్త రబ్బరు నెలరోజులల్ల తెగుతది. నన్నడిగితే సిలిండరే మార్చు. దుకాణానికి పాతది చేతుల పట్టుకపో. పైపు నట్టుకు ముందురోజే తుప్పు వదిలే ఆయిల్ కొట్టి పెట్టి, నట్టును చుట్టూ పట్టుకునే పానాతోనే తిప్పు. మామూలు పానా పెడితే నట్టు మూలలు పోయి పైపుతో సహా మార్చవలసి వస్తది. ఆయిల్ పీల్చిన షూలను కడిగి వాడకు, రెండు పక్కలా కొత్తవి వేయి.

బండిల ఆయిల్ డబ్బా మూత మీద రాసిన రకమే పోయాలె, డాట్ 3 అంటే డాట్ 3. సీల్ తీసి అల్మారల పెట్టిన పాత డబ్బా వద్దు, అది గాలిల తేమను గుంజుకుంటది. తేమ చేరితే మరిగే వేడి పడిపోతది: డాట్ 3 కొత్తగ ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలు, తేమ పట్టినంక 140. ఇంజన్ ఆయిల్ చుక్క కూడ కలవనీయకు, సీళ్లన్నీ ఉబ్బుతయి. బ్రేక్ ఆయిల్ బండి రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు.

ఇగ ఎయిర్ తీసుడు, అంటే పైపులల్ల చేరిన గాలిని బయటికి పంపుడు. ఇక్కడ తొందరపడితే చేసిందంత వృథా. చక్రం వెనుక గాలి వదిలే నిపిల్‌కు సన్న పైపు తొడిగి, దాని కొసను కొంచెం ఆయిల్ ఉన్న సీసాల ముంచు. మీ తమ్ముడిని పెడల్ దగ్గర కూసోబెట్టు. వాడు మెల్లగ రెండుమూడు సార్లు తొక్కి పట్టుకోవాలె, నువ్వు నిపిల్ వదలాలె, పెడల్ దిగుతుండంగనే మళ్లీ బిగించాలె, "ఇడువు" అన్నంకనే వాడు కాలు తీయాలె. వరుస తప్పితే గాలి లోపలికే పోతది. బుడగలు రాకుండ అయ్యేదాక చెయ్యి, నడుమ డబ్బా ఖాళీ కాకుండ చూసుకో. సిలిండర్ మార్చిన చక్రంతో ఆపకు, నాలుగింటికీ తీయి.

పెడల్ గట్టిగ తగిలితే ఇంజన్ ఆఫ్‌లనే ఒక నిమిషం అట్లనే తొక్కి పట్టు. దిగకుంటే ఖాళీ గ్రౌండుల నెమ్మదిగ నడిపి చూడు. దిగితే బండి కదిలియ్యకు, నాకు ఫోన్ చెయ్యి. ఆదివారం బస్సుల వస్త, మాస్టర్ సిలిండర్ ఇద్దరం చూద్దాం.

మీ మేనమామ,
హన్మకొండ