కొండ జరగడాన్ని ఉపగ్రహాలు పసిగట్టగలవా?

ప్రశ్న: వానలు మొదలైతే తిరుమల ఘాట్ రోడ్డులో బండలు ఎప్పుడు పడతాయోనన్న భయంతోనే ప్రయాణిస్తున్నాం. కొండవాలుపై జీపీఎస్ పరికరాలు పెడితే ప్రమాదం ముందే తెలుస్తుందంటున్నారు. నేను రోడ్డుకు ఏ పక్కన నిలబడ్డానో కూడా సరిగా చూపించని జీపీఎస్, కొండ మిల్లీమీటర్లలో జరిగితే ఎలా కనిపెడుతుంది?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ సందేహం సమంజసమైనదే. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అక్కడి నుంచి సంకేతం చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి ఫోన్ దూరాన్ని లెక్కగడుతుంది. దారిలో అయనావరణం (విద్యుదావేశ కణాలుండే పైవాతావరణ పొర), గాలిలోని తేమ ఆ సంకేతాన్ని కొంత ఆలస్యం చేస్తాయి కాబట్టి ఫోన్ చూపే స్థానంలో కొన్ని మీటర్ల తేడా వస్తుంది.

కొండవాలుపై అమర్చే రిసీవర్ (ఉపగ్రహ సంకేతాలను అందుకునే పరికరం) కొలిచే పద్ధతి వేరు. అది సంకేతాన్ని మోసుకొచ్చే రేడియో తరంగాన్నే కొలుస్తుంది. ఆ తరంగం పొడవు సుమారు 19 సెంటీమీటర్లు; అందులో నూరో వంతు వరకూ తేడాను మంచి రిసీవర్ గుర్తించగలదు. దీనికి తోడు, కదలదని నిర్ధారించుకున్న గట్టి రాతిపై, కొద్ది కిలోమీటర్ల దూరంలోనే మరో రిసీవర్‌ను ఉంచుతారు. రెండింటికీ సంకేతాలు దాదాపు ఒకే వాతావరణం గుండా వస్తాయి కనుక, ఒకదాని లెక్కలోంచి రెండోదాన్ని తీసివేస్తే ఉమ్మడి తప్పులు చాలావరకు పోయి, వాలుపై ఉన్న రిసీవర్ ఎంత జరిగిందో మిగులుతుంది. కొన్ని గంటల కొలతలను కలిపి చూస్తే అడ్డంగా జరిగిన కదలిక కొద్ది మిల్లీమీటర్ల తేడాతో తెలుస్తుంది. కిందికి కుంగడాన్ని మాత్రం అంత కచ్చితంగా చెప్పడం సాధ్యం కాదు. అక్కడ తప్పు రెండు మూడు రెట్లు ఎక్కువగా ఉంటుంది.

పరికరం ఎంత మంచిదైనా దాన్ని నిలబెట్టిన తీరులోనే అసలు సంగతి ఉంది. యాంటెన్నాను మోసే ఉక్కు కడ్డీని పైమట్టిలో పాతితే, వానకు మట్టి ఉబ్బినప్పుడల్లా కొండే కదిలినట్టు లెక్క వస్తుంది. అందుకే ఏ పొర కదలికను కొలవాలో ఆ పొరలోకి కడ్డీని దించి బిగించాలి. నిట్టనిలువు రాతిగోడ పక్కన పెడితే సగం ఆకాశం మూసుకుపోవడమే కాక, ఆ గోడకు తగిలి తిరిగొచ్చే సంకేతాలు కొలతను చెడగొడతాయి. దట్టమైన చెట్ల కింద కూడా ఇదే ఇబ్బంది. జీపీఎస్‌తో పాటు రష్యా గ్లోనాస్, ఐరోపా గెలీలియో, చైనా బైడూ, మన నావిక్ ఉపగ్రహాల సంకేతాలను కూడా అందుకునే రిసీవర్లను ఎంచుకోవడం ఇలాంటి చోట్ల ఎంతో ఉపయోగం.

ఇక మన కొండ విషయం. ఘాట్ రోడ్డు వెంట కింద అతి ప్రాచీనమైన గ్రానైటు, దానిపైన పగుళ్లు పారిన నగరి క్వార్ట్‌జైటు రాయి ఉన్నాయి. ఈ రెండూ కలిసే చోటును జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించారు. 2021 డిసెంబరు 1న, భారీ వర్షాల తరువాత, రెండో ఘాట్ రోడ్డుపై పెద్ద బండలు పడి రోడ్డు దెబ్బతిన్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలా పగులు వెంట ఊడిపడే బండ, పడేముందు చాలా తక్కువగా, చాలా తక్కువసేపే కదలవచ్చు. నెలల తరబడి నెమ్మదిగా జారే మట్టివాలుకు ఉపగ్రహ రిసీవర్ చక్కగా సరిపోతుంది. ఊడే బండకు పగులు వెడల్పును కొలిచే పరికరం, వర్షమాపకం, రాళ్లను ఆపే ఇనుప వల తప్పనిసరి. రిసీవర్లు పెట్టారు కదా అని వలలు, రాతిని బిగించి పట్టే బోల్టుల పని వాయిదా వేయడం పెద్ద పొరపాటని నా గట్టి అభిప్రాయం.

మరొకటి కూడా చెప్పాలి. ఇటలీలోని వాయోంట్ జలాశయం పక్కన కొండ జారుతోందని సుమారు మూడేళ్లుగా కొలుస్తూనే ఉన్నారు, వేగం పెరగడాన్నీ చూశారు. అయినా 1963 అక్టోబరు 9 రాత్రి కొండ జలాశయంలోకి కూలినప్పుడు సుమారు 2,000 మంది ప్రాణాలు కోల్పోయారు. కదలిక ఏ వేగానికి చేరితే రోడ్డు మూయాలి, అర్ధరాత్రి ఆ ఆదేశం ఎవరివ్వాలి అన్నవి పరికరం బిగించక ముందే కాగితంపై తేలాలి.

ప్రశ్న: కొండపై ఏమీ పెట్టకుండా ఉపగ్రహం నుంచే చూడలేమా?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: చూడవచ్చు. మన తిరుపతి జిల్లాలోని శ్రీహరికోట నుంచే 2025 జులై 30న ప్రయోగించిన నాసా–ఇస్రోల ఉమ్మడి రాడార్ ఉపగ్రహం నిసార్, 12 రోజులకోసారి అదే కోణంలో రాడార్ చిత్రం తీస్తుంది. రెండు చిత్రాలను పోల్చి నేల ఎంత జరిగిందో సెంటీమీటర్లలో లెక్కగట్టవచ్చు. దాని పొడవైన తరంగాలు ఆకుల గుండా కొంతవరకు చొచ్చుకుపోతాయి కాబట్టి అడవి కొండలకు ఇది అనువైనది. అయితే నిటారు లోయల్లో కొంత భాగం రాడార్‌కు కనిపించదు. పైగా 12 రోజుల విరామంతో వానరాత్రి హెచ్చరిక సాధ్యం కాదు. రిసీవర్లను ఏ వాలుపై పెట్టాలో తేల్చుకోవడానికి మాత్రం ముందుగా ఈ చిత్రాలనే చూడాలి.