బండి కనపడకపోతే గేటు కింద నుంచి దాటొచ్చా అని అడిగినవారికి

మీరు అడిగింది ఇది: "మా ఊరి రైల్వే గేటు బండి రావడానికి పదిహేను నిమిషాల ముందే వేసేస్తున్నారు. రెండు పక్కలా చూసుకుని, బండి కనపడకపోతే బైకు వంచి కింద నుంచి దాటేస్తే తప్పేంటి?"

తప్పేనండి. ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా నాన్న గేట్‌మాన్‌గా చేసి రిటైరయ్యారు. నేను పదిహేనేళ్లుగా బస్సు నడుపుతున్నాను. గేటుకి లోపలి పక్క పెరిగాను, బయటి పక్క ఉద్యోగం చేసుకుంటున్నాను. రెండు పక్కలా ఏం జరుగుతుందో నాకు తెలుసు.

ముందు ఆ పదిహేను నిమిషాల సంగతి. గేటు ఎప్పుడు వెయ్యాలన్నది గేటాయన ఇష్టం కాదు. స్టేషన్ నుంచి ఫోను వస్తుంది, వెయ్యాలి. సిగ్నల్‌తో కలిపిన గేటైతే, గేటు దిగి తాళం పడ్డాకే బండికి పచ్చ సిగ్నల్ వస్తుంది. గేటు లేచి ఉన్నంతసేపూ సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. గేటు కనిపించాక రైలు డ్రైవరు బ్రేకు వేద్దామంటే కుదరదు. గంటకి నూటపది కిలోమీటర్ల వేగమంటే సెకనుకి ముప్పై మీటర్లు. మీరు బైకు వంచి, తల వంచి, అద్దం గేటుకి తగలకుండా తిప్పుకుని పట్టాల మధ్యకి వచ్చేసరికి అయ్యే పది సెకన్లలో అది మూడు వందల మీటర్లు వచ్చేస్తుంది. పైగా ఎదురుగా నిలబడి చూసేవాళ్లకి పెద్ద వస్తువు మెల్లగా వస్తున్నట్టే కనిపిస్తుంది. ఇంజను దీపం ఒక్కటే చుక్కలా కదలకుండా నిలబడ్డట్టు ఉంటుంది. "ఇంకా దూరంలో ఉందిలే" అని దిగినవాళ్లందరూ చూసుకునే దిగారు.

డబుల్ లైను అయితే ఇంకో మాట. ఒక బండి వెళ్లిపోగానే "అయిపోయింది, ఇంకా ఎత్తడేం" అని దూరిపోతారు. ఎత్తలేదంటే రెండో లైను మీద ఇంకోటి వస్తోందని అర్థం. వెళ్లిపోయిన బండి చప్పుడులో వచ్చే బండి కూత కలిసిపోతుంది, వేరుగా వినపడదు.

మీ ప్రశ్నకి జవాబు ఇంతే. కానీ గేటు దగ్గర నన్ను అన్నిటికంటే బాధపెట్టేది కింద నుంచి దూరేవాళ్లు కూడా కాదు. గేటు పడగానే వరుస దాటుకుని ముందుకొచ్చి, అవతలి నుంచి వచ్చేవాళ్ల దారిలో నిలబడేవాళ్లు. దాని గురించి చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

1997 డిసెంబరు. కుప్పనూర్పులు జోరుగా సాగుతున్న రోజులు. మా నాన్న గుడివాడ - భీమవరం లైను మీద ఒక గేటు దగ్గర చేస్తున్నారు. ఇప్పుడు ఆ లైను డబుల్ అయింది, కరెంటు ఇంజన్లు వచ్చాయి. అప్పుడు సింగిల్ లైను, డీజిల్ బండ్లు. ఆ గేటు సిగ్నల్‌తో కలిపింది కాదు. స్టేషన్ మాస్టారు ఫోను చేసి "గేటు వెయ్యి" అంటారు. నాన్న బయటికెళ్లి హ్యాండిల్ తిప్పి గేటు దించి, తాళం వేసి, మళ్లీ ఫోను దగ్గరికొచ్చి ఒక రెండంకెల నంబరు చెప్తారు. దాన్ని ప్రైవేట్ నంబరు అంటారు. అచ్చు వేసిన కాగితం మీద అడ్డదిడ్డంగా అంకెలుంటాయి. ఒకటి చెప్పాక దాన్ని కొట్టేయాలి, మళ్లీ వాడకూడదు. ఆ నంబరు చెప్పడమంటే "గేటు పడింది, నాదే పూచీ" అని చెప్పడం. దాన్ని నమ్మి అక్కడ బండిని వదులుతారు.

నాకప్పుడు పదమూడేళ్లు. సాయంత్రం పూట నాన్నకి క్యారేజీ తీసుకెళ్లడం నా పని. ఆ రోజు నేను వెళ్లేసరికి గేటు వేసి ఉంది, పాసింజరు రావాలి. ఇటు పక్క ధాన్యం బస్తాల ట్రాక్టర్లు, ఒక బస్సు, సైకిళ్లు. అటు పక్క కొల్లేరు వైపు నుంచి వచ్చిన చేపల లారీలు. చేపల లారీ వాళ్ల తొందర మీకు తెలుసుగా, ఐసు కరిగిపోతుంటుంది, హౌరా దాకా వెళ్లాలి. వెనకున్న ఒక లారీ వరుసలోంచి బయటికొచ్చి కుడి పక్కకి వచ్చి గేటు ముందు ఆగింది. దాని వెనకే జీపు, దాని వెనకే నాలుగు మోటారు సైకిళ్లు. ఇటు పక్కేమో ఒక ట్రాక్టరు అతను "వాళ్లు రాగా లేనిది నేను రాకూడదా" అని తనూ కుడి పక్కకి తెచ్చి పెట్టాడు. పాసింజరు వెళ్లిపోయింది. నాన్న గేటు ఎత్తారు.

రెండు పక్కల నుంచీ రోడ్డు నిండా బండ్లు ఎదురెదురుగా వచ్చేశాయి. చేపల లారీ పట్టాల మీదకి ఎక్కి ఆగిపోయింది. దాని ముందు ట్రాక్టరు. ట్రాక్టరు వెనక్కి పోదామంటే ట్రక్కు తగిలించి ఉంది, వెనక బస్సు. లారీ వెనక జీపు, జీపు వెనక ఇంకో లారీ. ఎవరికీ కదిలే జాగా లేదు. అందరూ హారన్లు కొడుతున్నారు. లారీ కింద నుంచి ఐసు నీళ్లు ధారగా పట్టాల మీద పడుతున్నాయి. నేను క్యారేజీ పట్టుకుని గేటు గది గుమ్మంలో నిలబడి ఆ నీళ్లనే చూస్తున్నాను. పట్టా మీద చేప పొలుసులు మెరుస్తున్నాయి.

ఫోను మోగింది.

నాన్న ఎత్తారు. పక్క స్టేషన్లో గూడ్సు కాచుకుని ఉందట, వదలాలి, నంబరు ఇమ్మంటున్నారు. నాన్న "గేటు పడలేదండీ. పట్టాల మీద లారీ ఉంది" అన్నారు. అవతలి గొంతు నాకూ వినపడింది. "ఏవయ్యా, ఇంతసేపు గేటు వెయ్యకుండా ఏం చేస్తున్నావు? బండి లేటవుతోంది, నంబరివ్వు, ఈలోపు వేసేద్దువుగాని." నాన్న ఒక్కటే మాట అన్నారు: "గేటు పడితేనే నంబరండీ. బండి వదలకండి." ఫోను పెట్టేసి మూడు రంగుల లాంతరు తీసుకుని బయటికెళ్లారు.

బయటికెళ్తే అందరూ నాన్న మీదే పడ్డారు. "అంతసేపు గేటు వేస్తే ఇలా కాక ఎలా అవుతుంది?" అని ఒకాయన చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. నాన్న ఎవరికీ జవాబు చెప్పలేదు. లాంతరు ఎర్రద్దం బయటికి తిప్పి లారీ పక్కన ఆనించి పెట్టారు. వరుసలో చిట్టచివర ఉన్న బండి దగ్గరికి నడుచుకుంటూ వెళ్లారు. ముందున్నవాడిని తోస్తే ఏం లాభం, చివరివాడు వెనక్కి పోతేనే అందరికీ దారి. ఆయనకి సాయం వచ్చింది ఒక్క బస్సు కండక్టరు గారే. విజిలు వేస్తూ, బండి డొక్క మీద చేత్తో కొడుతూ, "రానీ, రానీ, ఆపు" అంటూ ఒక్కొక్క బండినీ వెనక్కి తీయించారు. ఒకదాన్ని తీసేలోపు ఆ ఖాళీలోకి మోటారు సైకిలువాడు దూరేవాడు. వాడిని మళ్లీ పంపాలి. అలా దాదాపు ముప్పావు గంట పట్టింది. ఈ మధ్యలో ఫోను మూడుసార్లు మోగింది. మూడుసార్లూ నాన్న చెప్పిన జవాబు అదే.

ఆఖరికి లారీ వెనక్కి దిగింది. గేటు పడింది. తాళం వేసి వచ్చి నాన్న ఫోను ఎత్తి "నలభై ఏడు" అన్నారు. ఆ నంబరు మీద పెన్నుతో గీత కొడుతుంటే ఆయన చెయ్యి వణకడం నేను చూశాను. కాసేపటికి గూడ్సు వెళ్లింది. బొగ్గు వ్యాగన్లు, గది గోడలు అదిరాయి. దాని డ్రైవరుకి అక్కడ అంత జరిగిందని కూడా తెలియదు.

నాన్న ఆ అరుపులకి లొంగి నంబరు ఇచ్చేసి ఉంటే ఏమయ్యేదో నేను విడమరిచి చెప్పక్కర్లేదు. అలాంటి గేట్లు ఇప్పుడు లేవనుకోకండి. 2025 జులైలో తమిళనాడు కడలూరు దగ్గర బడి వ్యానుని రైలు గుద్ది ముగ్గురు పిల్లలు పోయింది సిగ్నల్‌తో కలపని గేటు దగ్గరే. ఆ తరవాతే, తక్కువ రద్దీ ఉన్న గేట్లని కూడా సిగ్నల్‌తో కలుపుతామన్నారు, కెమెరాలు పెడతామన్నారు. అవి వచ్చేదాకా అక్కడున్నది ఒక మనిషి, ఒక ఫోను, ఒక కాగితం. మీరు హారను కొట్టి తిట్టేది ఆ మనిషిని.

ఇక మాసాయిపేట. 2014 జులై 24 పొద్దున మెదక్ జిల్లాలో కాపలా లేని గేటు దగ్గర బడి బస్సుని పాసింజరు బండి గుద్దింది. పదిమందికి పైగా పిల్లలు పోయారు. ఆ వార్త విన్నరోజు నేను డ్యూటీలో ఉన్నాను. బస్సు పక్కకి ఆపి కాసేపు కూర్చుండిపోయాను. మోటారు వాహనాల చట్టంలో 131వ సెక్షను అని ఒకటుంది, 1988 నుంచీ ఉంది. కాపలా లేని గేటు దగ్గర డ్రైవరు బండి ఆపాలి. కండక్టరో క్లీనరో దిగి పట్టాల దాకా నడిచి వెళ్లి, రెండు పక్కలా బండి లేదని చూసి, ముందు నడుస్తూ బస్సుని దాటించాలి. ఎవరూ లేకపోతే డ్రైవరే దిగి చూసుకోవాలి. నేను పని నేర్చుకున్న పెద్దాయన ఇది నా చేత అక్షరాలా చేయించేవారు. వానలో కూడా దిగమనేవారు. లైసెన్సు తీసుకున్నవాళ్లలో ఎంతమందికి ఈ సెక్షను తెలుసో అడిగి చూడండి. బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లు 2019 జనవరికల్లా పూర్తిగా తీసేశారు, మంచిపని. కానీ ఆ దిగి చూసే అలవాటు కూడా వాటితోపాటే పోయింది.

తీసేసిన చోట్ల కట్టిన అండర్‌పాసుల గురించి కూడా ఒక మాట. నాలుగు చినుకులు పడితే చాలు, నడుం లోతు నీళ్లు. పంపు ఉంటే కరెంటు ఉండదు, కరెంటు ఉంటే పంపు తిరగదు. రైతు గడ్డిమోపుల ట్రాక్టరు పైన తగులుతుంది. అప్పుడు జనం మళ్లీ పట్టాలెక్కి దాటుతారు. గేటు తీసేసి నీళ్ల గుంట ఇస్తే అది భద్రత ఎలా అవుతుంది?

బస్సు నడిపేవాడిగా నేను పాటించేవి చెప్తాను, కారైనా బైకైనా ఇవే. గేటు లేచింది కదా అని ముందు బండి వెనకాలే పోను. అవతల నా బస్సు మొత్తం పట్టేంత జాగా కనిపించాకే పట్టాలెక్కుతాను. వెనకనుంచి ఎంత హారను కొట్టినా సరే. ఫస్టు గేర్లో ఎక్కితే ఫస్టు గేర్లోనే దిగుతాను, పట్టాల మీద గేరు మార్చను. అక్కడ ఇంజను ఆగిందంటే వెనక నలభై మంది ఉంటారు. రేడియో ఆపేసి, నా పక్క కిటికీ అద్దం దించుతాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బండి నడిపే కుర్రాళ్లని చూస్తే వాళ్ల తల్లులు గుర్తొస్తారు నాకు. ఒకవేళ బండి పట్టాల మీద ఆగిపోతే ముందు మనుషుల్ని దించేయాలి, వెంటనే గేటాయనకి చెప్పాలి. ఆయన దగ్గర ఎర్రజెండా ఉంటుంది, రైలుని ఆపే పద్ధతి ఆయనకి తెలుసు. స్టార్టరు నొక్కుతూ కూర్చోకూడదు.

పొద్దున్నే పిల్లల్ని ముందు నిలబెట్టుకుని, గేటు కింద వాళ్ల తల పట్టి వంచి స్కూటరు దాటించే తండ్రుల్ని వారానికి రెండుసార్లైనా చూస్తాను. ఆ పిల్లాడు గేటు గురించి నేర్చుకునే మొదటి పాఠం అదే కదండీ. దించిన గేటు పగలగొడితే రైల్వే చట్టం 160వ సెక్షను కింద ఐదేళ్ల దాకా జైలు ఉంది. చిన్న సందు దొరికిందని దూరేవాళ్లకి ఆ సెక్షను భయం లేదు, ఇంటి దగ్గర చెప్పేవాళ్లూ లేరు.

మళ్లీ కుడి పక్కన కట్టే ఆ రెండో వరుస దగ్గరికే వస్తాను, నన్నడిగితే గేటు దగ్గర గొడవలన్నిటికీ తల్లి అదే. మీకు పదిహేను నిమిషాలు అనిపిస్తున్నదాంట్లో గేటు నిజంగా మూసి ఉన్నదెంత, లేచాక ఎదురెదురు బండ్లు విడిపోవడానికి పట్టిందెంత, ఈసారి గడియారం పెట్టుకుని చూడండి. నా రూట్లో ఒక గేటు దగ్గర ఊరివాళ్లే పూనుకుని రోడ్డు మధ్యలో, గేటుకి రెండు పక్కలా యాభై అడుగుల చొప్పున సిమెంటు దిమ్మెలు వేయించుకున్నారు. ఇంక ఎవరూ కుడి పక్కకి రాలేరు. ఇదివరకు గేటు లేచాక ఇరవై నిమిషాలు నిలబడిపోయేవాళ్లం, ఇప్పుడు నాలుగైదు నిమిషాల్లో ఖాళీ అయిపోతోంది. మీ ఊరి గేటు పంచాయతీ రోడ్డు మీదుందా, ఆర్ అండ్ బి రోడ్డు మీదుందా చెప్పండి. దిమ్మెలకి అర్జీ ఎవరికి పెట్టాలన్నది దాన్నిబట్టి ఉంటుంది. ఆ ఊరివాళ్లు రాసిన అర్జీ నకలు నా దగ్గర ఉంది, మీకు పంపుతాను.