ముందు సీటు జరిపితేగాని ఎక్కలేని కారు

సందేహం: అన్నయ్యా, నేను డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాను. ఎమ్మెస్ అయ్యాక ఉద్యోగంలో చేరి ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్లూ సీనియర్ దగ్గర కొన్న పాత కొరోలాతో నెట్టుకొచ్చాను. ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో డాడ్జ్ కంపెనీ కారు, అందులో పెద్ద ఇంజనుతో వచ్చే స్కాట్ ప్యాక్ రకం తీసుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను. ఛాలెంజర్ అయితే రెండు డోర్లు, ఛార్జర్ అయితే నాలుగు. నేను చూసిన రెండింటి ధరలూ దాదాపు ఒకటే. రూమ్మేట్లందరూ ఛాలెంజర్ అంటున్నారు. ఇంట్లో వచ్చే ఏడాది పెళ్లి చేస్తామంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు: తమ్ముడూ, 2011లో నేను కొన్నది ఛాలెంజరే. ఆర్/టీ అనే రకం, నలుపు రంగు, గేర్లు చేత్తో మార్చేది. ఆ రోజుల్లో నన్నెవరైనా నాలుగు డోర్లది తీసుకోమని ఉంటే వాళ్లతో మాట్లాడటం మానేసేవాణ్ణి. కాబట్టి నీ రూమ్మేట్ల మాటకు నువ్వెందుకు ఊగుతున్నావో నాకు బాగా తెలుసు.

ముందు ఒక అపోహ వదిలించుకో. రెండు డోర్లుంటే కారు వేగంగా పోతుందని, నాలుగుంటే సంసారుల బండి అని మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. ఈ రెండు కార్ల విషయంలో అది నిలవదు. రెండూ కెనడాలోని బ్రాంప్టన్ ఫ్యాక్టరీలో పక్కపక్కన తయారైనవే. స్కాట్ ప్యాక్ అంటే రెండింటిలోనూ అదే 6.4 లీటర్ల ఎనిమిది సిలిండర్ల ఇంజను, అదే 485 హార్స్‌పవర్. ఛార్జర్ బరువు కాస్త ఎక్కువ. ఆ తేడా పక్క సీట్లో ఒక మనిషిని కూర్చోబెట్టుకున్నంత. పొడవులో తేడా మూడంగుళాలే. తాగే పెట్రోలూ ఒకటే, ఊళ్లో అయితే లీటరుకు ఆరు కిలోమీటర్ల చిల్లర, అదీ ప్రీమియం. బ్రాంప్టన్‌లో ఈ రెండింటి తయారీ 2023 డిసెంబర్‌తో ఆగిపోయింది. ఆ తర్వాత వచ్చిన కొత్త ఛార్జర్ పూర్తిగా వేరే కారు. అందులో రెండు డోర్లదాన్నీ నాలుగు డోర్లదాన్నీ ఛార్జర్ అనే పిలుస్తారు. ప్రకటనల్లో పేరు చూసి పొరబడకుండా తయారైన ఏడాది చూసుకో.

అసలు తేడా అంతా వెనక సీట్లో ఉంది. కాళ్లు పెట్టుకునే చోటు ఛాలెంజర్‌లో 33 అంగుళాలు, ఛార్జర్‌లో 40. ఏడంగుళాలు, జానెడైనా లేదు. కాగితం మీద నాకూ ఏమీ అనిపించలేదు. ఆ ఏడంగుళాల విలువ 2013లో డాలస్ ఎయిర్‌పోర్టు బయట తెలిసింది.

అమ్మా నాన్నా మొదటిసారి వచ్చారు. ఇద్దరికీ కలిపి నాలుగు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. డిక్కీలో రెండు పట్టాయి. దాని అంచు ఎత్తుగా ఉంటుంది, పెట్టెను దాదాపు నడుము దాకా ఎత్తి లోపలికి దించాలి. మూడోది వెనక సీట్లో పెట్టాం. నాలుగోదాన్ని తోడు వచ్చిన మిత్రుడు తన క్యామ్రీలో వేసుకున్నాడు. ఆ తర్వాత అమ్మను ఎక్కించాలి. ముందు సీటు వీపు వంచి, సీటును ముందుకు జరిపితే ఒక సందు వస్తుంది. అందులో ఒక కాలు పెట్టి, తల వంచి, నడుము తిప్పి, రెండో కాలు లాక్కోవాలి. చీర కట్టుకున్న, మోకాళ్ల నొప్పులున్న, ఇరవై గంటలకు పైగా ప్రయాణం చేసి వచ్చిన మనిషి. రెండు ప్రయత్నాలు విఫలమయ్యాక పక్కకు తిరిగి మొదట వెనక సీటు మీద కూర్చుని, తర్వాత కాళ్లు లోపలికి లాక్కుంది. సీటు బెల్టు ఎక్కడో వెనక ఉంటుంది, అది అందక నేనే వంగి పెట్టాను.

పది నిమిషాలు పోయాక, "కడుపులో తిప్పుతోంది నాయనా, కిటికీ కాస్త దించు" అంది.

"వెనక కిటికీ దిగదమ్మా."

"దిగని కిటికీ ఎందుకు పెట్టారురా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఈనాటికీ జవాబు లేదు. ఛాలెంజర్ వెనక అద్దాలు బిగించేసి ఉంటాయి. గ్యాస్ స్టేషన్‌లో ఆపి అమ్మను ముందుకు, ఆరడుగుల నాన్నను వెనక్కు మార్చాం. ఆయన మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చుని ఇల్లు చేరేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తర్వాత ఆరు నెలల్లో అమ్మ ఆ కారు ఎక్కింది వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని సార్లే. ఫ్రిస్కోలో హనుమంతుడి గుడికి వెళదామంటే, "ఇంట్లోనే దీపం పెట్టుకుంటాలే, నువ్వు వెళ్లిరా" అనేది. మోకాళ్ల వల్ల అనుకున్నాను. కారు వల్ల అని వాళ్లు తిరిగి వెళ్లిపోయాక మా ఆవిడ చెప్పింది.

మరుసటి ఏడాది పాప పుట్టింది. పసిపిల్లల కార్ సీటు వెనక సీట్లో, వెనక్కి తిరిగి ఉండేలా బిగించాలి. సీటు తయారీదారు చెప్పిన ఎత్తు, బరువు దాటేదాకా అలాగే ఉంచడం మంచిదని ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం సలహా. అది బిగించాక ముందు సీటును వెనక్కి జరపడం కుదరదు, పొడుగాటి మనిషి ముందు కూర్చోలేడు. నిద్రపోతున్న బిడ్డను ఎత్తుకుని ఆ సందులోంచి వంగి లోపల పెట్టడం రోజుకు రెండుసార్లు. రెండు నెలలకు నా నడుము పట్టేసింది, కారు అమ్మేశాను. వచ్చే ఏడాది పెళ్లంటున్నావు కదా, ఇక మిగతా లెక్క నువ్వే వేసుకో.

ఇంత చెప్పాక నేను ఛాలెంజర్ వద్దంటున్నానని అనుకుంటావేమో. దాన్ని కొనడానికి ఒక్క గట్టి కారణం ఉంది, క్లచ్. స్కాట్ ప్యాక్‌లో ఆరు గేర్ల మాన్యువల్ ఛాలెంజర్‌కు మాత్రమే ఇచ్చారు. ఛార్జర్ అన్నీ ఎనిమిది గేర్ల ఆటోమేటిక్. మనలో చాలామంది క్లచ్ తొక్కుతూ, ఎడమ చేత్తో గేరు వేస్తూ నేర్చుకున్నవాళ్లమే. ఇక్కడ కుడి చేత్తో వేయాలి. వారం రోజులు చేయి అలవాటుగా డోరు వైపు పోతుంది, ఆ తర్వాత కుదురుకుంటుంది. మూడో గేరులో ఆ ఇంజను చేసే చప్పుడు, గేరు నీ చేత్తో పడినప్పుడు కలిగే తృప్తి, నేను ఇప్పటికీ మరిచిపోలేదు. నీకు అది కావాలంటే ఛాలెంజర్ మాన్యువల్ కొను, అమ్మానాన్నలు వచ్చినప్పుడు పెద్ద కారు అద్దెకు తీసుకో. కానీ ఆటోమేటిక్ ఛాలెంజర్ కొంటానంటే మాత్రం నాకు అర్థం కాదు. అప్పుడు నువ్వు ఏడంగుళాలు, రెండు డోర్లు, దిగే కిటికీలు వదులుకుని దక్కించుకునేది ఆ రూపం ఒక్కటే. రూపం అందమైనదే, కాదనను. కారు లోపల కూర్చున్నాక అది నీకు కనిపించదు.

రెండు డోర్ల కార్లతో మరో చిక్కు ఎవరూ ముందుగా చెప్పరు. డోరు పొడవు. రెండు డోర్ల పని ఒకటే చేయాలి కనుక చాలా పెద్దది పెడతారు. పార్కింగ్ గీతల మధ్య వెడల్పు సాధారణంగా తొమ్మిది అడుగులు, కారు ఆరు అడుగుల పైచిలుకు. మిగిలిన జాగా రెండు వైపులా పంచుకోవాలి. ఆదివారం గుడి దగ్గరో కాస్ట్‌కోలోనో రెండు పెద్ద ట్రక్కుల మధ్య ఇరుక్కుంటే ఆ డోరు సగం కూడా తెరుచుకోదు. నేను వరసలో చిట్టచివర ఆపి ఎండలో నడిచి వచ్చేవాణ్ణి. డాలస్ ఆగస్టు ఎండ రెంటచింతల వాళ్లకు కొత్త కాకపోవచ్చు, నాకు మాత్రం కష్టంగానే ఉండేది.

ఇన్సూరెన్స్ సంగతికి వద్దాం. రెండు డోర్లయితే ఎక్కువ కట్టాలని చెబుతారు. కంపెనీలు డోర్లు లెక్కపెట్టి ఊరుకోవు. ఆ మోడల్ మీద ఎన్ని ప్రమాదాలు, ఎన్ని దొంగతనాలు నమోదయ్యాయో చూస్తాయి, నీ వయసు, పిన్ కోడ్, డ్రైవింగ్ చరిత్ర చూస్తాయి. టెక్సస్‌లో క్రెడిట్ చరిత్ర కూడా చూస్తారు. కాలిఫోర్నియా, హవాయి, మసాచుసెట్స్‌లలో అది కుదరదు. కొత్తగా వచ్చిన నీకు ఈ లెక్కలన్నీ ఎదురే. లోను మీద కొంటే బ్యాంకు పూర్తి ఇన్సూరెన్స్ తీసుకోమంటుంది కనుక కనీసపు పాలసీతో సరిపెట్టుకోవడం కుదరదు. కొనే ముందు రెండు కార్ల విన్ నంబర్లూ (ఒక్కో కారుకు విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) తీసుకుని మూడు నాలుగు చోట్ల ధర అడుగు. నెలనెలా కట్టే లోను వాయిదాకు ఇన్సూరెన్స్ పోటీపడటం నేను చూశాను.

దొంగతనం మాట ఎత్తాను కనుక ఇదీ విను. నాలుగు డోర్లదాన్ని ఎవరు ఎత్తుకుపోతారులే అనుకోకు. 2023లో ఇక్కడి ఇన్సూరెన్స్ సంస్థల గణాంక విభాగం వెలువరించిన లెక్కలో కొత్త మోడళ్లన్నిటిలోకీ ఎక్కువగా చోరీ అయినది ఛార్జర్‌లో బాగా శక్తిమంతమైన హెల్‌క్యాట్ రకం, ఉన్న కార్ల సంఖ్యతో పోలిస్తే సగటు కారు కంటే 60 రెట్లకు పైగా. నువ్వు చూస్తున్నది దాని తమ్ముడు. దొంగలు అద్దం పగలగొట్టి, కంప్యూటర్‌తో కొత్త తాళం నమోదు చేసుకుని నిమిషాల్లో వెళ్లిపోతారు. దీనికి విరుగుడుగా డాడ్జ్ 2021లో ఒక సాఫ్ట్‌వేర్ తెచ్చింది. నాలుగంకెల కోడ్ కొట్టకపోతే ఇంజను వేగం నిమిషానికి 675 చుట్లు దాటదు, మూడు హార్స్‌పవర్ కూడా రాదు. మన యాక్టివాకు అంతకు రెట్టింపు పైనే ఉంటుంది. 2015 నుంచి వచ్చిన స్కాట్ ప్యాక్‌లకు దీన్ని డీలర్ల దగ్గర వేశారు. నువ్వు చూస్తున్న కారులో అది ఉందో లేదో అడుగు. తాళాలు రెండూ చేతికివ్వమను. నా పరిచయస్తుడొకరికి అమ్మినవాడు ఒక్కటే ఇచ్చి రెండోది వారంలో పంపిస్తానన్నాడు. ఆ వారం ఇంకా రాలేదు.

ఛార్జర్‌తో ఒక తమాషా ఉంది. పోలీసులు ఏళ్ల తరబడి వాడిన కారు అది. తెల్లది కానీ నల్లది కానీ కొంటే హైవే మీద నీ ముందున్న వాళ్లు వేగం తగ్గించి బుద్ధిగా పక్క లేన్‌లోకి జరుగుతారు. చోద్యం ఏమిటంటే అసలు పోలీసు నిన్ను ఆపినప్పుడు ఆ పోలిక ఏమీ సాయం చేయదు. నవ్వులాటకు చెబుతున్నాను కానీ ఇది వీసా మీద ఉన్నవాళ్లు తేలిగ్గా తీసుకోవలసింది కాదు. వర్జీనియాలో గంటకు 85 మైళ్లు దాటినా, పరిమితి కంటే 20 మైళ్లు ఎక్కువ పోయినా అది మామూలు చలానా కాదు, నేరం కింద కేసు, ఏడాది దాకా జైలు పడవచ్చు. ఎప్పుడైనా అరెస్టయ్యావా అని వీసా దరఖాస్తులో అడుగుతారు. 485 హార్స్‌పవర్ కారు 85 మైళ్లకు చేరడానికి నువ్వు కష్టపడనక్కరలేదు, కాస్త ఏమరుపాటు చాలు.

నీ ఉత్తరం చూస్తే మాన్యువల్ ఊసే లేదు. కాబట్టి నా ఓటు ఛార్జర్‌కే.

అయినా నా మాట మీద కొనకు. శనివారం ఇద్దరు రూమ్మేట్లను తీసుకుని రెండు కార్లూ చూడటానికి వెళ్లు. ఛాలెంజర్ కొనమని అందరికంటే గట్టిగా అన్నవాణ్ణి వెనక కూర్చోబెట్టి ఇరవై నిమిషాలు తిప్పు. తర్వాత డ్రైవింగ్ ఇంకొకడికి ఇచ్చి నువ్వు వెనక కూర్చో. ఉదయం చల్లటి ఇంజనును నీ ముందే స్టార్ట్ చేయమను, టక్ టక్ మని లయగా కొడుతూ ఆగకపోతే మెకానిక్‌కు చూపించకుండా ముందుకు వెళ్లకు. ఇన్సూరెన్స్ ధరలు చేతికొచ్చాక నాకు మళ్లీ రాయి. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకు.